అప్ప మింగిన లోహం

మా అప్పకి, అంటే మా అక్కకి, కడుపుమంట పెళ్ళయిన కొత్తలోనే మొదలైంది. ఆమెను ఇచ్చింది మందస దాటాక సముద్రం ఒడ్డున ఉన్న ఊరికి. బావ వేటకి వెళతాడు. పడవ ఒడ్డుకి రాగానే చేపలు ఐసు పెట్టెలో సర్దుకుని, ఆటోలో మందస వెళ్ళి, అక్కడ బేరం కుదరకపోతే బస్సులో పలాస దాకా పోయి అమ్ముకురావడం అప్ప పని. పెట్టె ఖాళీ అయ్యేదాకా ముద్ద ముట్టదు. టీలు మాత్రం తాగుతుంది. ఇంటికొచ్చి ఎండుచేప ముక్క నంజుకుని గంజన్నం తిన్న కాసేపటికే గుండెల కింద చెయ్యి పెట్టుకుని గోడకి ఆనుకుని కూర్చోవడం నేను చిన్నప్పటినుంచీ చూస్తున్నాను. మా ఇద్దరికీ వయసులో చాలా తేడా ఉంది. అమ్మ పోయాక నన్ను చదివించింది ఆమే. ఇప్పుడు నేను టెక్కలిలో ఒక ప్రైవేటు జూనియర్ కాలేజీలో కెమిస్ట్రీ చెబుతున్నాను.

మా ఊళ్ళున్న ఉద్దానం ప్రాంతంలో కడుపుమంటని ఎవరూ జబ్బు కింద లెక్కపెట్టరు. అక్కడ జబ్బంటే కిడ్నీలదే. కాళ్ళు కాస్త వాచినా, రెండు పూటలు అన్నం సయించకపోయినా ముందు రక్తంలో క్రియాటినిన్ చూపించుకుంటారు. అప్ప చేపల పెట్టె ఎక్కే ఆటోలోనే డయాలిసిస్‌కి పలాస వెళ్ళేవాళ్ళూ ఎక్కుతారు. వాళ్ళ ముంజేతుల మీద ఉబ్బిన నరాలు చూస్తూ ఆమె ప్రయాణం చేస్తుంది. ఊళ్ళో పెట్టిన ఒక శిబిరంలో ఆమెకీ రక్తపరీక్ష చేసి, కొంచెం ఎక్కువుంది, ఇప్పుడే భయపడక్కర్లేదు, నీళ్ళు బాగా తాగు, నొప్పి బిళ్ళలు మాత్రం వాడకు అని చెప్పారు. భయపడక్కర్లేదన్న మాట అక్కడే వదిలేసి, ఎక్కువుందన్న మాట మాత్రం ఇంటికి తెచ్చుకుంది. అప్పటినుంచీ తల పగిలిపోతున్నా సరే, నొప్పి బిళ్ళ ముట్టుకునేది కాదు.

మొన్నటి చలికాలంలో కడుపునొప్పి బాగా ముదిరింది. పలాసలో గొట్టం వేసి చూసి, లోపల పుండు పడిందన్నారు. ఏదో క్రిమి వల్ల వచ్చిందట. నాలుగు రకాల మందులు కలిపి రెండు వారాలు వాడమన్నారు. విరేచనం నల్లగా తారులా వస్తే వెంటనే రావాలి, పుండు నుంచి రక్తం కారుతున్నట్టు లెక్క అని కూడా చెప్పారు. ఇంకా చాలా చెప్పే ఉంటారు. మా వాళ్ళ చెవిన పడింది ఆ ఒక్క మాటే.

వారం తిరగకుండా ఒక సాయంత్రం, పిల్లలంతా వెళ్ళిపోయాక నేను ల్యాబ్‌లో సీసాలు సర్దుతుంటే, వాకిట్లో బావ గొంతు వినిపించింది.

"అమ్మీ, మీ అప్పకి లోపల రగతం ఓడతంది. ఆస్పత్రికంటే ముందు నిన్ను సూడాలన్నాది."

అప్ప బావ భుజం పట్టుకుని నిలబడి ఉంది. ముఖంలో నెత్తురు చుక్క లేదు. స్టూలు మీద కూర్చోబెట్టాను.

"ఏటైందప్పా?"

"నల్లగా పోతంది సెల్లీ. నిన్నటేల నుంచి. బొగ్గు కలిపినట్టు ఉన్నాది. ఇక నానుండను."

ఆ మాట అంటున్నప్పుడు ఆమె నోట్లోకి చూశాను. నాలుక నల్లగా ఉంది. నేరేడు పళ్ళు తిన్నవాళ్ళ నాలుకలా కూడా కాదు, మసి రాసినట్టుగా. కడుపులో నుంచి పోయే నెత్తురు నాలుకని నల్లబరచదని ఆలోచించే తెలివి అప్పుడు లేదు. పలాస ఆసుపత్రికి ఫోను చేస్తూనే, బావని మందుల కవరు తీయమన్నాను. ఒక్కో అట్టా చదువుతూ వచ్చాను. ఒకదాని మీద చిన్న అక్షరాల్లో బిస్మత్ అని ఉంది. ఈలోగా ఫోనులో నర్సమ్మ, "ఆ బిళ్ళ వేసుకున్నన్నాళ్ళూ నల్లగానే వస్తుందమ్మా, నాలుకా అంతే, మానేస్తే పోతుంది. నీరసం, కళ్ళు తిరగడం లేవు కదా?" అంది. లేవు. భయంతో వచ్చిన వణుకు తప్ప ఏమీ లేదు.

బావకి మాత్రం ఆ జవాబు చాలలేదు. "బిల్ల తెల్లగా ఉన్నాది, నలుపెలగ వత్తాది?" అన్నాడు.

నేనున్నది ల్యాబ్‌లోనే కాబట్టి చేసి చూపించాను. రెండో సంవత్సరం పిల్లలకి లవణ పరీక్షల్లో అప్పుడప్పుడు బిస్మత్ లవణం ఇస్తాం. నీళ్ళలాంటి ఆ ద్రావణాన్ని పరీక్షనాళికలో తీసుకుని, కుళ్ళిన గుడ్డు కంపు కొట్టే గంధకపు వాయువు అందులోకి పంపాను. చూస్తుండగానే నల్లబడి అడుక్కి దిగింది. ఉమ్మిలోనూ పేగుల్లోనూ కాస్త గంధకం ఉంటుందనీ, బిళ్ళలోని బిస్మత్ దానితో కలిసి ఇలాగే నల్లబడుతుందనీ చెప్పాను. అప్ప ముక్కు మూసుకుని ఆ నలుపునే చూస్తూ కూర్చుంది.

"అయితే ఇదేటి, బొగ్గా?"

"గంధకంతో కలిసిన లోహం అప్పా. ఆ లోహం ఇనుము, రాగి లాంటిదే."

"ఇనుము మింగినానా?" అంది. మళ్ళీ ఆమె ముఖం పాలిపోయింది.

అందుకని బీరువాలోంచి అసలు లోహం ఉన్న సీసా తీశాను. మా కాలేజీలో రెండు ముక్కలున్నాయి. ఒకటి వెండి మీద లేత గులాబి రంగు పులిమినట్టుండే గడ్డ. రెండోది నేనే ఇనప గరిటెలో కరిగించి చల్లార్చింది. బిస్మత్ స్టవ్వు మంట మీదే కరుగుతుంది. చల్లారేటప్పుడు చాలా లోహాల్లా ముడుచుకోదు, మంచుగడ్డలా ఉబ్బుతుంది. నెమ్మదిగా చల్లారితే మెట్లు మెట్లుగా, చదరం లోపల చదరంలా స్ఫటికాలు కడుతుంది. గాలి తగిలి పైన పలచని పొర ఏర్పడి నీలం, పసుపు, ఊదా రంగులు తేలుతాయి. ఏటా పిల్లలు ఆ ముక్క కోసం కొట్టుకుంటారు.

బావ గడ్డని అరచేతిలో ఎగరేసి బరువు చూశాడు. "సీసం బరువున్నాది."

"సీసం పక్కదే ఇది. కానీ సీసంలా వంగదు, సుత్తితో కొడితే పిండైపోతుంది. సీసమంత విషం కూడా కాదు. నువ్వు వల గుండ్లు పళ్ళతో నొక్కుతావే, అది మానమని నేను మొత్తుకుంటూనే ఉన్నాను. సీసం వద్దనుకున్న చోట ఇప్పుడు దీన్నే వాడుతున్నారు. కుళాయిల ఇత్తడిలో, గాలపు గుండ్లకి కూడా."

కుక్కర్ మూత మీద ఉండే చిన్న బిళ్ళ సంగతి కూడా చెప్పాను. కొన్ని కుక్కర్లలో ఆ బిళ్ళ మధ్యలో బిస్మత్ కలిపిన మిశ్రమం ఉంటుంది. లోపల వేడి హద్దు దాటితే అది ముందుగా కరిగి ఆవిరికి దారి ఇస్తుంది. కుక్కర్ పేలదు. అప్పకి నా పాత కుక్కర్ బిళ్ళ పోయి పప్పంతా గోడకి కొట్టిన రోజు గుర్తొచ్చింది. "ఓలమ్మ, ఆ దిక్కుమాలిందేనా!" అని మొదటిసారి నవ్వింది. చిన్న ముక్కని దారానికి వేలాడదీసి బలమైన అయస్కాంతం దగ్గరికి తెచ్చాను. ముక్క మెల్లగా దూరం జరిగింది.

"దీనికి అదంటే బయమేటి?" అన్నాడు బావ.

వెళుతూ వెళుతూ అప్ప అద్దంలో నాలుక చూసుకుని, "ఇలాటి నాలికతో ఇక నానుండనన్నాను," అంది. మా వైపు నాలుక మీద నల్లమచ్చ ఉన్నవాళ్ళ మాట జరిగి తీరుతుందంటారు. బావ ఆమె నోటి మీద చెయ్యి పెట్టి మూశాడు. నవ్వుతూనే పెట్టాడు గానీ చాలాసేపు తీయలేదు.

రెండు వారాల మందులూ అయిపోయాయి. నొప్పి తగ్గిందని కబురొచ్చింది. తర్వాత పబ్లిక్ పరీక్షలు, పేపర్లు దిద్దడాలలో పడి నేను ఆ ఊరి వైపు వెళ్ళలేదు.

వేసవిలో వేట నిషేధం మొదలయ్యాక వెళ్ళాను. పడవలన్నీ ఇసుక మీదికి లాగి ఉన్నాయి. బావ పాకలో వల బాగుచేసుకుంటున్నాడు. అప్ప టీ తెచ్చింది. గ్లాసు పళ్ళెంలో గలగలమంటోంది. అందుకునేలోగా సగం టీ ఒలికిపోయింది.

"నిద్దర సాలడం నేదు సెల్లీ," అంది.

ఆమె నడక కూడా మారింది. పడవ మీద నడిచినట్టు కాళ్ళు ఎడంగా వేస్తూ, గోడని ముట్టుకుంటూ నడుస్తోంది. మధ్యాహ్నం కూర్చుని మాట్లాడుతుండగా ఉన్నట్టుండి భుజం ఎగిరిపడింది, వెనక నుంచి ఎవరో గట్టిగా కేకేసినట్టు. వెనక ఎవరూ లేరు. ఆమెకి ఆ సంగతి తెలిసినట్టే లేదు. చెప్పులు అడగబోయి, "ఆ పడవలిలగ ఇయ్యి," అంది. నేను నవ్వాను. ఆమె నవ్వలేదు. ఏ మాట తప్పు అన్నదో ఆమెకి తెలియలేదు.

బావ నన్ను పాక వెనక్కి పిలిచి గొంతు తగ్గించి చెప్పాడు. "నెల బట్టి ఇలగే ఉన్నాది. మొన్న మందసలో సేపలు తప్పు మనిసికి ఇచ్చీసింది. కత్తి పట్టుకుంటే నాకు గుండె దడ. మా వోల్లు గాలి సోకిందంటన్నారు. తాడు కట్టించినాను."

"రక్తం చూపించావా?"

"సూపించినాను. ఎక్కువైందిగానీ మరీ అంత కాదన్నారు." పాక వైపు ఒకసారి చూసుకున్నాడు. "కిడ్నీల ఇసం తలకెక్కీసిందేటమ్మీ? పక్కింటాయనకి ఆఖర్న అలగే ఐనాది."

ఆ మాట నేను వచ్చినప్పటినుంచీ అనుకుంటున్నదే. బావ నోటితో విన్నాక ఇంకెవరితోనూ అనలేకపోయాను.

మర్నాడే కారు మాట్లాడుకుని శ్రీకాకుళం తీసుకెళ్ళాం. దారి పొడుగునా జీడితోటలు దాటుతుంటే అప్ప కిటికీలోంచి చూస్తూ, మా అమ్మతో మాట్లాడుతోంది. అమ్మ చనిపోయి ఎన్నేళ్ళయిందో ఆమెకే నాకంటే బాగా తెలుసు. "ఎండలో నిలబడకే, లోపలికి రా," అని పిలుస్తోంది. డ్రైవరు అద్దంలోంచి ఒకసారి చూసి, తర్వాత ఇక చూడలేదు.

ఆసుపత్రిలో తలకి స్కాన్ తీశారు. రక్తంలో ఉప్పు, చక్కెర, థైరాయిడ్ చూశారు. వెన్నులోంచి నీరు తీశారు. ఒక్కో కాగితం వస్తున్నప్పుడల్లా నేనే అందుకుని చదివేదాన్ని. అన్నీ దాదాపు బాగానే ఉన్నాయి. బాగుందని చదివినకొద్దీ భయం పెరిగింది. దేనివల్లో తెలిస్తే పట్టుకోవడానికి ఏదో ఒకటి ఉంటుంది. వార్డు డాక్టరమ్మ చిన్న వయసు మనిషి, ఓపిగ్గా మాట్లాడేది. ఆమె కూడా, "కిడ్నీలు కొంచెం దెబ్బతిన్నాయి, కానీ ఈ స్థాయికి మెదడు ఇలా అవ్వకూడదు. ఇంకేదో ఉంది," అంది. ఆ ఇంకేదో ఏమిటో ఆమెకీ అంతుపట్టలేదు.

మూడో రోజుకి అప్ప చేతులూ కాళ్ళూ మాటిమాటికీ ఎగిరిపడుతున్నాయి. మంచం నుంచి పడకుండా బావ పక్కనే నిలబడి ఉండేవాడు. పెద్ద తుఫాను కెరటాల్లో పడవ నడిపిన మనిషి, ఆమె చెయ్యి ఎగిరినప్పుడల్లా అదిరిపడేవాడు. నేను టిఫిన్ తెచ్చి, "అప్పా, కొంచెం తిను," అన్నాను.

నా వైపు చూసింది. మర్యాదగా కొంగు సర్దుకుంది.

"మీరెవులండి? మేడంగారా?" అంది.

నాకు జడ వేసిన చేతులు అవి. కాలేజీలో మొదటి జీతం అందుకున్న రోజు ఆమె ఊరంతా తిరిగి, "మా సెల్లి మేడం అయిపోనాది," అని చెప్పుకొచ్చింది. ఆ మేడం ఇప్పుడు ఆమెకి పరాయి మనిషి అయిపోయింది. నేను వరండాలోకి వెళ్ళి, కుళాయి తిప్పి, ఆ చప్పుడులో ఏడ్చాను. ఏడుస్తున్నప్పుడు కూడా భయమే. ఇది ఇంతటితో ఆగదేమో, రేపు ఊపిరి తీయడం కూడా మరిచిపోతుందేమో అని.

తిరిగి వచ్చేసరికి నర్సు అప్ప నోరు తడి ఆరిందేమో చూస్తోంది. "నాలుక చాపమ్మా," అంటోంది. అప్ప చిన్నపిల్లలా నోరు తెరిచింది.

నాలుక వెనక భాగమంతా నల్లగా ఉంది.

ముందు నాకు అర్థం కాలేదు. ఆ నలుపు నాకు తెలిసిందే కదా, భయపడక్కర్లేదని నేనే చెప్పాను కదా అనుకున్నాను. మరుక్షణంలో లెక్క వేశాను. ఆ మందు రెండు వారాలదే. అది వాడింది చలికాలంలో. ఇప్పుడు ఎండలు మండిపోతున్నాయి. మానేస్తే పోతుందన్న నలుపు ఇంకా ఎందుకుంది?

"బావా, అప్ప ఆ కడుపు బిళ్ళలు ఇంకా వేసుకుంటోందా?"

బావ చొక్కా జేబులోంచి అట్ట తీశాడు. సగం బిళ్ళలు ఖాళీ. "ఏసుకోకుండా ఎలగ? మానీసిన నాలుగు రోజులకే మంట మల్లీ వచ్చీసింది. మందుల కొట్లో కాలీ అట్ట సూపిత్తే ఇత్తన్నాడు. నొప్పి బిల్ల కాదు గదా, మంచిదేనని నానే తెత్తన్నాను. ఈయేల పొద్దున కూడా కడుపు పట్టుకున్నాదని రెండేసినాను."

ఆసుపత్రి మంచం మీద, మాకెవరికీ తెలియకుండా, ప్రేమగా నీళ్ళు పట్టి వేశాడు. నేను ఆ అట్ట లాక్కుని డాక్టరమ్మ గదికి పరుగెత్తాను. అక్కడ రోగులు ఉన్నారు. తోసుకుని వెళ్ళాను. చలికాలం నుంచీ వాడుతోందని చెప్పాను. ఆమె అట్ట మీది పేరు చదివి, మా రిపోర్టుల ఫైలు తీసి, క్రియాటినిన్ కాగితం మీద వేలు పెట్టి మళ్ళీ చదివింది. ఎవరో పెద్ద డాక్టరుకి ఫోను చేసింది. అప్పని నర్సుకి అప్పగించి బావ కూడా వచ్చాడు, మేం బయట నిలబడ్డాం. తలుపు తెరుచుకునేసరికి బావ చేతులు కట్టుకున్నాడు.

"ఇది చాలా అరుదు. నేను చదవడమే తప్ప చూడలేదు," అంది. "ఈ మందులో ఉన్నది బిస్మత్. దాదాపు అంతా కడుపులోంచి అలాగే బయటికి పోతుంది. ఏ కొంచెమో రక్తంలోకి వెళుతుంది. వెళ్ళినదాన్ని కిడ్నీలు బయటికి పంపాలి. రెండు వారాలయితే ఏ గొడవా ఉండదు. ఈమె కిడ్నీలు ముందే బలహీనం, వాడింది నెలల తరబడి. పోగుపడి మెదడుకి పట్టినట్టుంది. రక్తం వేరే ఊళ్ళో ల్యాబ్‌కి పంపుతాం. ఫలితం వచ్చేదాకా ఆగం, ఈ క్షణం నుంచే బిళ్ళలు బంద్."

"తగ్గుతుందా?" అని నేను అడిగాను.

"ఆపితే చాలామందికి తగ్గిందని రాశారు. ఎన్నాళ్ళు పడుతుందో నేను చెప్పలేను."

బావ ఆమె ముందు కూలబడిపోయాడు. "నానే ఏసినానమ్మా. నా సేత్తో ఏసినాను."

"మీరు తెలిసి చేయలేదు. లేవండి," అంది ఆమె. లేవడానికి బావకి చాలాసేపు పట్టింది.

సీసం చెడ్డదనీ బిస్మత్ మంచిదనీ ఏళ్ళ తరబడి పిల్లలకి చెప్పాను. అబద్ధం కాదది. కుళాయిలో ఉన్న బిస్మత్, కుక్కర్ బిళ్ళలో ఉన్న బిస్మత్, రెండు వారాల మందులో ఉన్న బిస్మత్ ఎవరికీ హాని చేయలేదు. కానీ మా ఊళ్ళలో ఏ మందు మంచిదనేది అది దిగే ఒంట్లో కిడ్నీల మీద ఆధారపడి ఉంటుంది. ఆ ఆలోచన వచ్చాక నన్ను పట్టుకున్న భయం ఒక్క అప్ప గురించే కాదు. ఆ ఆటోలో ప్రయాణం చేసే వాళ్ళంతా గుర్తొచ్చారు. వాళ్ళ ఇళ్ళల్లో గూట్లో ఏ ఏ అట్టలు ఉన్నాయో ఎవరికి తెలుసు?

బిళ్ళలు ఆపిన తర్వాతి రోజులే చాలా కష్టమైనవి. ఏ మార్పూ లేదు. సెలైన్ ఎక్కించారు, విరేచనానికి మందిచ్చారు. చేతులు అలాగే ఎగిరిపడుతున్నాయి. కారణం తెలిశాక కూడా తగ్గకపోతే ఇక ఏ ఆశతో కూర్చోవాలి? బావ తిండి మానేశాడు. ఆమె నాలుక చూడడం ఒక్కటే మా పని అయింది. నలుపు ముందు అంచుల్లో పలచబడింది. తర్వాత మధ్యలో. ఒక మధ్యాహ్నం నేను నారింజ తొనలు వొలుస్తుంటే అప్ప నా వైపు తిరిగి, "గింజలు తియ్యవే సెల్లీ, ఎప్పుడూ తియ్యవు," అంది. నా చేతిలో తొన నలిగిపోయింది. బావ గబగబా వచ్చి, "నానెవున్ని? నానెవున్నో సెప్పు," అన్నాడు.

"ఎవులైతే ఏటి, గెడ్డం గీసుకో ముందు," అంది.

ఆ ల్యాబ్ నుంచి రక్తం ఫలితం తర్వాత వచ్చింది. ఉండకూడనంత బిస్మత్ ఉందని తేలింది. అప్పటికి ఆమెను ఇంటికి పంపేశారు. కడుపుకి వేరే మందు ఇచ్చారు. ఏ మందుల దుకాణానికి వెళ్ళినా ముందుగా కిడ్నీ సంగతి చెప్పాలని బావ చేత మళ్ళీ మళ్ళీ చెప్పించారు. వణుకు పోయేసరికి వానాకాలం వచ్చింది. నడక ముందు సరైంది, మాట తర్వాత.

కాలేజీ తెరిచాక బిస్మత్ ఉన్న ఆ సీసా ముట్టుకోవడానికి నాకు చేతులు రాలేదు. గాజు లోపల పడి ఉన్న ముక్క ఎవర్నీ ఏమీ చేయదని తెలుసు. తెలిసినా బీరువా అలాగే మూసేశాను. ఒకరోజు అప్పే అడిగింది.

"ఆ లోహం ఒకసారి తెత్తావేటి? నా బుర్రలో దూరింది ఏటో సూడాల."

"ముందే చూశావు కదప్పా."

"అప్పుడు సూసింది గేపకం నేదు."

ల్యాబ్‌లో గడిపిన ఆ సాయంత్రం మొత్తం ఆమెకి చెరిగిపోయింది. నవ్విందీ, కుక్కర్ గుర్తుచేసుకుందీ, ఏదీ లేదు. ఆ మాట విన్నప్పుడు నాకు మళ్ళీ ఆసుపత్రి వరండాలో ఉన్నట్టే అనిపించింది. రంగుల ముక్క తీసుకెళ్ళి ఆమె ఒళ్ళో పెట్టాను. ఎండకి అటూ ఇటూ తిప్పి చూసింది. ఊదా రంగు మెట్ల మీద గోరుతో గీసింది.

"సచ్చింది, ఇంత అందంగా ఉన్నాదేటి," అంది. నీళ్ళు తెప్పించుకుని చేతులు రెండుసార్లు కడుక్కుంది. బావ దాని దగ్గరికి రాలేదు.

పోయిన నెల సెలవు రోజున పలాస బజారులో ఆమె పక్కన కూర్చున్నాను. ఇప్పుడు రోజూ వెళ్ళడం లేదు. పడవకి మంచి చేప పడిన రోజే వెళుతోంది. ఒకాయన స్కూటర్ ఆపి, చివర్న ఉన్న చేపని చూపించి, "అదేంటమ్మా?" అని అడిగాడు.

అప్ప చేపని పైకెత్తింది. నోరు తెరిచింది. పేరు రాలేదు. పుట్టినప్పటినుంచీ పట్టిన, కోసిన, వండిన చేప అది. ఆమె కళ్ళు నా వైపు తిరిగాయి. నాకు పేరు తెలుసు. చెప్పనా వద్దా అని ఆగాను. చేప తోక నుంచి నీళ్ళు ఆమె మోకాలి మీద కారుతున్నాయి.

"దీని పేరుతో నీకేటి బాబూ, తాజాగా ఉన్నాది, మొప్పలు సూడు," అంది.

ఆయన మొప్పలు చూసి, తూకం వేయమన్నాడు. అప్ప కత్తి అందుకుంది. నేను ఆమె చేతినే చూస్తున్నాను. చెయ్యి నిలకడగానే ఉంది. తల కోసి పక్కన పెట్టి, ముక్కలు సంచిలో వేస్తూ, ఎవరితోనూ కాకుండా, నెమ్మదిగా, "సందువా," అంది.